మన మేడ పుట్టుపూర్వోత్తరాలు



మిరపకాయలు కొనేటప్పుడు ఏ ఊరి కాయ, ఎన్నో కోత అని అడగనిదే మనం సంచీ తెరవం. బియ్యం పాతవో కొత్తవో గింజ కొరికి చూస్తాం. పిల్లకి సంబంధం వస్తే మూడు తరాల కూపీ లాగుతాం. ఇన్నిటికి ఇంత ఆరా తీసే మనం, ఉన్న డబ్బంతా పోసి కొనుక్కున్న అపార్టుమెంటు సంగతి ఎవరన్నా అడిగితే మాత్రం "ఎవరో బిల్డరు కట్టాడండీ, మావారు కొన్నారు" అని ఊరుకుంటాం. ఆ స్థలం అంతకుముందు ఎవరిది? అక్కడేముండేది? మేడ ఏ సంవత్సరంలో లేచింది? మొదట ఎవరెవరు కాపురం వచ్చారు? మనకి తెలియదు. తెలుసుకోవాలనీ తోచదు.

సొంత ఇల్లయితే తాతగారు కట్టించారనో, మామగారు పొలం అమ్మి కొన్నారనో చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది. అపార్టుమెంటుకి ఆ కథ చెప్పే పెద్దదిక్కు లేదు. పన్నెండు కాపురాలు, పన్నెండు తాళాలు. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నట్లుంటుంది.

ఇప్పుడీ మాట ఎందుకంటే, మన గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వైపు ముప్పై, నలభై ఏళ్ళ కిందట లేచిన మేడలు పాతబడ్డాయి. శ్లాబు పెచ్చులూడుతోంది, పైపులు కారుతున్నాయి. "ఇది పడగొట్టి కొత్తది కట్టి ఇస్తాం" అంటూ బిల్డర్లు గుమ్మంలోకి వస్తున్నారు. వాళ్ళు వచ్చేది మన గోడలకోసం కాదు, గోడల కిందున్న నేల కోసం. ఆ నేలలో మనకెంత వాటా ఉందో, అది మనదాకా ఎలా వచ్చిందో తెలియకుండా ఆ కబుర్లకి కూచుంటే, తూకం తెలియకుండా పత్తి అమ్ముకున్నట్లే అవుతుంది. అందుకని మేడ చరిత్ర వెదకడం ఏదో కాలక్షేపం అనుకోకండి. ఇది మన ఇంటి లెక్క.

ఇది చదువుకున్నవాళ్ళకే సాధ్యం అని కూడా అనుకోవద్దు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని నేను. మా మేడ సంగతులు నేనూ, మా మూడో అంతస్తు పిన్నిగారూ కలిసి రాబట్టాం. దానికి కావలసినవి ఒక రూళ్ళ నోటుపుస్తకం, కాస్త ఓపిక, "ఇది మగవాళ్ళ వ్యవహారం" అనే మాటని కాసేపు పక్కన పెట్టడం.

మొదట ఇంట్లో బీరువా తెరవండి. మీ విక్రయ దస్తావేజు తీసి నెమ్మదిగా చదవండి. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చూడాలి. ఒకటి, అమ్మినవారికి ఆ ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే భాగం. "ఫలానా సంవత్సరం ఫలానా నంబరు దస్తావేజు ద్వారా" అని ఉంటుంది. ఆ నంబరు పట్టుకుంటే దానికి ముందుది, దానికి ముందుది అని గొలుసు కదులుతుంది. వీటినే లింకు దస్తావేజులంటారు. రెండు, చివర ఉండే షెడ్యూలు. మొత్తం స్థలం ఎంత, దానికి నాలుగు పక్కలా హద్దులేమిటి అన్నది అక్కడుంటుంది. మూడు, అవిభాజ్య వాటా. అంటే గీత గీసి విడదీయని ఉమ్మడి స్థలంలో మీ వంతు ఇన్ని చదరపు గజాలు అని. ఫ్లాటు ఎన్ని అడుగులన్నది అందరికీ కంఠతా వస్తుంది. ఈ గజాల సంగతి పదిమందిని అడిగితే ఒకరిద్దరు చెబుతారేమో. గోడలకి వయసు మీరుతుంది గాని నేలకి మీరదు కదా. మేడ పాతబడే కొద్దీ మన ఫ్లాటు విలువంతా ఆ గజాల్లోకే దిగుతుంది.

పాత కాగితాల భాష చూసి బెదరకండి. కొన్ని గుర్తులు తెలిస్తే చాలు. ఫసలీ అని ఒక లెక్క కనిపిస్తుంది. ఆ అంకెకి 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1359 అంటే 1949 జులైలో మొదలైన సంవత్సరం. ఒక్కోచోట "విరోధి నామ సంవత్సరం" అని తెలుగు పేరే ఉంటుంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనక విరోధి అంటే 1889 కావచ్చు, 1949 కావచ్చు, 2009 కావచ్చు. మిగతా వివరాలతో సరిచూసుకోవాలి. ధర రూపాయలు, అణాల్లో ఉంటే అది సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందు మాట. ఆ రోజునుంచే నయాపైసలు వచ్చాయి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. నూరు సెంట్లయితే ఎకరం. ఒంగోలు, నెల్లూరు వైపు కాగితాల్లో అంకణాలు కనిపిస్తాయి. అంకణం ఊరికో లెక్క కాబట్టి ఆ ఊళ్ళోనే అడిగి వేసుకోవాలి. మన గుంటూరు కాగితాల్లో ఇంకో చిక్కుంది. "డి. నంబరు" అని ఉంటే అది ఇంటి డోరు నంబరు అనుకుంటాం. చాలా పాత దస్తావేజుల్లో అది పొలానికి సర్వేలో వేసిన డిమార్కేషన్ నంబరు. ఈ రెండూ కలగలిపి చూస్తే చెరువు అవతల దిగవలసినవాళ్ళం ఇవతల దిగుతాం.

ఇంట్లో కాగితాలయ్యాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. అక్కడ ఇ.సి. అని ఒకటిస్తారు. ఫలానా ఆస్తి మీద ఇన్నేళ్ళలో జరిగిన అమ్మకాలు, తనఖాలు, గిఫ్టులు వరసగా చూపే పట్టిక అది. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు 1998 నవంబరులో వచ్చాయి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే పుస్తకాలు తిరగేసి వెదకాలి, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఊరు పెరిగిన కొద్దీ ఆఫీసులూ పెరిగాయి కాబట్టి మీ పేటకి ఇప్పుడున్న ఆఫీసులో పాత పుస్తకాలు లేకపోతే, అంతకుముందు ఆ పేట ఏ ఆఫీసు కిందుండేదో అడగండి.

"మాది కాని కాగితాలు మాకు చూపిస్తారా?" అని సందేహం వస్తుంది. చూపిస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తుల దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్నీ, దాని ఇండెక్సులనీ రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఇండెక్సులు రెండు రకాలు. ఒకటి మనుషుల పేర్లతో, ఇంకొకటి ఆస్తుల వివరాలతో. వీలునామాల సంగతి వేరు. అవి రాసినవారు బతికుండగా ఇంకొకరికి నకలివ్వరు. ఆ తర్వాత అడిగితే ఇస్తారు.

పేర్ల ఇండెక్సు వెదికేటప్పుడు ఆడవాళ్ళకే తట్టే కిటుకు ఒకటి చెబుతాను. ఆస్తి ఆడమనిషి పేరున ఉంటే మెట్టినింటి పేరు కిందా చూడండి, పుట్టింటి పేరు కిందా చూడండి. పుట్టింటివారు రాసిచ్చిన కాగితంలో ఒక ఇంటిపేరు, అత్తవారింటికి వెళ్ళాక అమ్మిన కాగితంలో ఇంకో ఇంటిపేరు ఉంటుంది. మనిషి ఒక్కరే. అది కనిపెట్టలేక గొలుసు తెగిపోయిందనుకునేవాళ్ళున్నారు.

తర్వాతి మజిలీ మునిసిపల్ ఆఫీసు. గుంటూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది, 1994లో నగరపాలక సంస్థ అయింది. అక్కడ మనకి పనికొచ్చేవి రెండు. ఒకటి ఇంటిపన్ను మదింపు రిజిస్టరు. ఆ డోరు నంబరుకి ఏ అర్ధసంవత్సరం నుంచి ఎవరి పేర పన్ను పడిందో అందులో తెలుస్తుంది. ఖాళీ స్థలం పన్ను పోయి ఇంటిపన్ను మొదలైన చోట మేడ పుట్టినరోజు దొరికినట్లే. పేటల్లో డోరు నంబర్లు మార్చినప్పుడు పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసుకోవడం మరువకండి. రెండోది ఆమోదించిన ప్లాను. ఎన్ని అంతస్తులకి అనుమతి, చుట్టూ ఎంత ఖాళీ వదలమన్నారు, రోడ్డుకి ఎంత విడిచారు అన్నది అందులోనే ఉంటుంది. అడిగితే దొరకదంటారేమో, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

కాగితాలు ఇలా దగ్గర పడ్డాక, ఇంటి తేదీల పక్కన ఊరి తేదీలు రాసుకుంటే అప్పుడు కథ అర్థమవుతుంది. మన జిల్లా 1904లో ఏర్పడింది. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 జులైలో హైకోర్టు గుంటూరులోనే పెట్టారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది హైదరాబాదు వెళ్ళింది. 1967లో నాగార్జునసాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలారు. కుడి కాలవ కింద పల్నాడు, ఒంగోలు మెట్టల్లో పత్తి, మిరప పెరిగాయి. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా వచ్చింది. నాలుగు డబ్బులు కళ్ళజూసిన రైతులు పిల్లల చదువుల కోసం గుంటూరులో కాపురం పెట్టారు. మొదట వాటాల ఇళ్ళలో అద్దెకి, తర్వాత ఫ్లాట్లలోకి.

మరి మేడలు లేవడానికి సిమెంటు కావద్దూ? సిమెంటు మీద చాలాకాలం కంట్రోలు ఉండేది. ఇల్లు కట్టుకోవాలంటే పర్మిట్ల కోసం తిరిగేవారు. 1982లో కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. 1987లో మన రాష్ట్రంలో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. ఉమ్మడి స్థలంలో కొన్నవారి వాటా, మెట్లూ మేడమీదా వంటి ఉమ్మడి సదుపాయాలు, యజమానుల సంఘం వీటన్నిటికీ ఒక పద్ధతి పెట్టింది ఆ చట్టం. మీ మేడ అంతకు ముందుదైతే కాగితాల్లో ఆ పద్ధతి పూర్తిగా కనిపించకపోవచ్చు. అలాంటి మేడలవాళ్ళే మరింత జాగ్రత్తగా వెదకాలి.

ఇలా పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నప్పుడే మా ఇద్దరికీ ఒక సంగతి తగిలింది. మా మేడలో రెండు ఫ్లాట్లు 1988లో, నెలల తేడాతో చేతులు మారాయి. రెండు దస్తావేజుల్లోనూ "మా కుటుంబ అవసరముల నిమిత్తమున్ను, ఋణములు తీర్చుకొనుట నిమిత్తమున్ను" అని ఒకటే మాట. అది దస్తావేజు లేఖరి అందరికీ రాసే మాటే. కాని అమ్మినవారిద్దరిదీ పత్తి ఊరు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ వచ్చి పత్తి చేలు సర్వనాశనమయ్యాయి. మందుల అప్పులు తీరక, కొట్టే పురుగుమందే తాగి రైతులు ప్రాణాలు తీసుకున్న సంవత్సరం అది. పిన్నిగారు ఆ కాగితం చేతిలో పట్టుకుని, "ఆవిడ నాకు తెలుసమ్మాయ్, సామాన్లు బండికెక్కిస్తూ కూడా పిల్లాడి పరీక్షలయ్యేదాకా ఆగనివ్వలేదని ఏడ్చింది" అన్నారు. ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలో ముగ్గు పెడుతున్న ఇప్పటి ఇల్లాలికి ఈ కథ తెలియదు. దస్తావేజులో ఒక్క ముక్కగా ఉన్నది ఒక కుటుంబం పడ్డ కష్టమంతా అని అప్పుడు తెలిసింది.

కాగితాలు చెప్పనిది మేడ శరీరం చెబుతుంది. పాతకాలపు మేడలైతే గోడ మూరెడు పైన మందం, గానుగ సున్నం, టేకు దూలాల మీద చిన్న ఇటుకలు పేర్చిన మద్రాసు టెర్రస్. పెంకుటిల్లయితే పెంకు తిరగేసి చూడండి, చేసిన ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ 1865లో పెట్టారు గనక మంగుళూరు పెంకు కప్పిన ఇల్లు అంతకన్న పాతది కాదు, లేదా కప్పు తర్వాత మార్చారు. అపార్టుమెంట్లలో అయితే నేల చూడండి. పల్నాటి నాపరాళ్ళా, కడప బండలా, మొజాయిక్కా, పైన వేసిన టైల్సా? శ్లాబు పెచ్చు ఊడిన చోట ఇనుము కనిపిస్తుంది. నున్నటి గుండ్రటి ఊచలైతే ఒక కాలం, మెలితిప్పిన టోర్ స్టీలు అయితే తర్వాతి కాలం, ఇప్పటి టి.ఎం.టి. ఊచలైతే ఇంకా తర్వాతది. తుప్పు పట్టి ఉబ్బి ఉంటే మాత్రం చరిత్ర తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇంజనీరుని పిలవండి.

ఇక మనుషులు. పాత కాపురస్తులు, ఊళ్ళు మారిన మొదటి యజమానులు, వాచ్‌మన్ భార్య, ఇరవై ఏళ్ళుగా పాలు పోసే మనిషి, బట్టలు ఇస్త్రీ చేసే అతను, వీళ్ళు ఏ రిజిస్టరులోనూ లేనివి చెబుతారు. అడిగేటప్పుడు "ఏ సంవత్సరం?" అనకండి. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. "మీ పెద్దమ్మాయి పుట్టాకా, ముందా?" "1977 నవంబరులో వచ్చిన ఉప్పెనకి ముందా, తర్వాతా?" అని అడగండి. చటుక్కున చెబుతారు. చెప్పింది చెప్పినట్లు రాసుకోండి, కాని కాగితంతో సరిపోల్చనిదే నిజమని తీర్మానించకండి. నోటిమాట నీటిమూట అన్నారు పెద్దలు.

సరిపోల్చకపోతే ఏమవుతుందో మా మేడలో జరిగిందే చెబుతాను.

కొత్తది కట్టి ఇస్తానంటూ ఒక బిల్డరు మనిషి వచ్చాడు. మా స్థలం 600 చదరపు గజాలు. ఫ్లాట్లు పన్నెండు, ఒక్కో దస్తావేజులో 46 గజాల వాటా. పన్నెండు నలభై ఆర్లు 552. మరి 48 గజాలేవి? ఆ ప్రశ్న వేసి అతను వెళ్ళిపోయాడు. మాకు మాత్రం నిద్ర పట్టలేదు. కింది వాటాలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ, వెనకవైపు ఖాళీలో ఎప్పుడో రేకులు వేసి తులసికోట, గిన్నెలు కడిగే చోటు పెట్టుకున్నారు. "ఆ 48 గజాలూ ఆవిడే కలిపేసుకున్నారు" అని ఎవరు ముందన్నారో గాని, వారం తిరక్కుండా అందరి నోటా అదే. మీటింగులో మొహం మీదే అడిగారు. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతానికి పేరంటం పిలిస్తే ఎవరింటికీ రాలేదు.

మేము రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కింది అప్పుడే. ముందు ఫ్లాట్ల కాగితాల నుంచి వెనక్కి వెళ్ళి మూల దస్తావేజు తీయించాం. అది 1949 నాటి సెటిల్‌మెంటు దస్తావేజు. ఒక రైతు తన కూతురికి పసుపు కుంకుమ కింద ఆ స్థలం రాసిచ్చారు. కొలతలు తూర్పు పడమర 54 అడుగులు, ఉత్తరం దక్షిణం 100 అడుగులు. మొత్తం 600 గజాలు. హద్దుల్లో తూర్పున మిరపకాయల కళ్ళం, ఉత్తరాన మునిసిపాలిటీ డొంక. ఇవాళ మనం ఆటోల రొద వినే రోడ్డు అప్పుడు బండ్లు నడిచే డొంక అన్నమాట. తర్వాత ఆ స్థలం మీద ఇ.సి. తీయిస్తే 1983లో ఒక గిఫ్టు దస్తావేజు బయటపడింది. మేడ ప్లాను ఆమోదం కోసం, రోడ్డు వెడల్పుకని ఆ స్థలం యజమానురాలే ముందువైపు ఎనిమిది అడుగులు మునిసిపాలిటీకి రాసిచ్చారు. 54 అడుగుల వెడల్పున 8 అడుగులంటే 432 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 48 గజాలు!

అంటే ఆ 48 గజాలూ ఎవరి ఇంట్లోనూ లేవు. రోజూ మనం చెప్పుల కాళ్ళతో నడిచే రోడ్డులో ఉన్నాయి. మన దస్తావేజులు రాసినప్పుడు పాత కాగితంలోని 600 అంకెని అలాగే దించారు, వాటాలు మాత్రం మిగిలిన 552 మీద వేశారు. నకలు తీసుకుని మేమిద్దరం ముందు ఆ పెద్దావిడ దగ్గరికే వెళ్ళాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఈ కాగితం నా పోస్టుడబ్బాలో కాదమ్మా, అందరి డబ్బాల్లోనూ వెయ్యండి" అన్నారు. పన్నెండు జిరాక్సులు తీయించి వేశాం. రేకుల సంగతి సంఘం వేరే మాట్లాడుకుంది, అది ఉమ్మడి స్థలమే కదా. కాని దొంగతనం మోపడం వేరు, రేకు తీయమనడం వేరు.

ఈ వెదుకులాటలో నన్ను పట్టి నిలిపింది ఆ స్థలం యజమానురాలి పేరు. పసుపు కుంకుమ కింద వచ్చిన ఆ నేల ఆవిడది. 1949లో తీసుకున్నదీ ఆవిడే, 1983లో రోడ్డుకి ఇచ్చిందీ ఆవిడే, ఆ మరుసటేడు బిల్డరుతో కలిసి పన్నెండు దస్తావేజుల మీద సంతకం పెట్టిందీ ఆవిడే. కాని మా మేడకి పెట్టింది బిల్డరు పేరు. ఇన్నాళ్ళూ అందరం "ఫలానా వారి స్థలం" అని ఆవిడ భర్త పేరే చెప్పుకున్నాం. పాత దస్తావేజులు తిరగేస్తే ఇలాంటి ఆడపేర్లు ఎన్నో కనిపిస్తాయి. చట్టం ఎలా మారుతూ వచ్చిందో కూడా కనిపిస్తుంది. 1956కి ముందు కాగితాల్లో భర్త పోయిన ఇల్లాలికి చాలాచోట్ల "జీవితాంతం అనుభవించి" అన్న హక్కే గాని అమ్ముకునే హక్కు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడవారికి సంపూర్ణ హక్కు తెచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు వచ్చింది. పెళ్ళయినవాళ్ళూ కానివాళ్ళూ అన్న తేడా లేకుండా దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. మీ స్థలం అమ్మిన కుటుంబంలో ఆడపిల్లల సంతకాలున్నాయా లేదా అన్నది కూడా ఇప్పుడు చూసుకోవలసిన విషయమే.

ఇలాంటి పని మనమే చేస్తున్నామా అంటే కాదు. అమెరికాలో న్యూయార్కు నగరంలో ఆర్చర్డ్ వీధిలో 97వ నంబరు మేడ ఒకటుంది. 1863లో కట్టిన అద్దె వాటాల మేడ. బతుకుతెరువుకి దేశదేశాల నుంచి వచ్చిన పేదలు 1935 వరకు అందులో కాపురాలున్నారు. వేలమంది. అందులో రాజులు లేరు, మంత్రులు లేరు. కుట్టుపనివాళ్ళు, చిల్లర వర్తకులు, వాళ్ళ ఇల్లాళ్ళు. 1988లో ఇద్దరు మహిళలు పూనుకుని దాన్ని మ్యూజియం చేశారు. జనాభా లెక్కలు, కోర్టు కాగితాలు, గోడమీద పొరలు పొరలుగా ఉన్న రంగు కాగితాలు చూసి ఏ వాటాలో ఎవరున్నారో తేల్చారు. సామాన్యుల కాపురానికి కూడా చరిత్ర ఉందని ఆ మేడ చెబుతుంది. మన వాటాల ఇళ్ళకి మాత్రం లేదా?

రెండు హెచ్చరికలు చేసి ముగిస్తాను. ఇ.సి.లో రిజిస్టరయిన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామాలు, నోటి పంపకాలు, కోర్టులో నడుస్తున్న తగాదాలు అందులో కనిపించకపోవచ్చు. కాబట్టి "ఇ.సి. శుభ్రంగా ఉంది" అన్న మాటకే తృప్తి పడకండి. రిజిస్టరయినంత మాత్రాన అమ్మినవాడికి హక్కుందని ప్రభుత్వం పూచీ పడ్డట్టు కాదు. చరిత్ర మనం వెదకవచ్చు గాని, సంతకం పెట్టే ముందు ఆ కాగితాలన్నీ మంచి వకీలుకి చూపించాలి. మనం వరసగా పేర్చి తీసుకెళితే ఆయన పనీ సులువవుతుంది, మనకీ ఆయన మాట అర్థమవుతుంది. రెండోది, వెదకడంలో బయటపడిన ఇతరుల అప్పులు, కోర్టు తగాదాలు మెట్లమీద కబుర్లు కాకూడదు. ఎవరిది వారికి చెప్పండి, అంతే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. ఇల్లు కట్టే కష్టం మనదాకా రాకపోవచ్చు. కట్టిన ఇంటి కథ తెలుసుకోవడం మాత్రం మన చేతిలో పనే. ఈ వారం మీ దస్తావేజు తీసి, అవిభాజ్య వాటా ఎన్ని గజాలో ఒక కాగితం మీద రాసుకోండి. పక్కింటావిడని కూడా రాయమనండి. మొత్తం మేడవి కూడి చూడండి. లెక్క సరిపోతే సంతోషం. సరిపోకపోతే తొందరపడి ఒకరిని అనకండి, రిజిస్ట్రారు ఆఫీసుకి దారి ఎటో అడగండి. దొరికిందంతా ఒక పుస్తకంలో రాసి, ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి మీ బీరువాలో ఉంచండి. రేపు మీ అమ్మాయి "అమ్మా, మనమున్న చోట అంతకుముందు ఏముండేది?" అని అడిగితే, ఉత్తరాన డొంక, తూర్పున మిరప కళ్ళం అని చెప్పగలగాలి.

సెలవు.